హుసేనప్పకు నేనిచ్చిన మతస్వేచ్ఛ

కొత్తగా రెవెన్యూ శాఖలో చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పహణీలో తప్పులు ఎలా దిద్దాలి, పొలం హద్దుల తగాదా ఎలా తెంచాలి అని అడుగుతారు. అవి రెండేళ్ళు ఊళ్ళు తిరిగితే వాటంతటవే వస్తాయి. ఎవరూ అడగనిది ఒకటుంది. ఒకే ఊళ్ళో రెండు మతాల పండుగలు జరుగుతుంటే మనమేం చేయాలి? దానికి చట్టం ఉంది కదా అనుకుని అడగరు. నేనూ అలాగే అనుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో చేసిన అతి పెద్ద తప్పు చట్టాన్ని మీరి చేసింది కాదు, పొల్లుపోకుండా పాటించి చేసింది. దానికి నాకు శాలువా కూడా కప్పారు.

నేను కంప్లి వైపు వాణ్ణి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, సంతలో ఉర్దూ. బళ్ళారి జిల్లాలో ఇదేమీ గొప్ప కాదు, వంకాయలమ్మే అవ్వ కూడా ఈ మూడూ మాట్లాడుతుంది. నేను పనిచేసిన తాలూకా పేరు గానీ, ఈ కథ జరిగిన ఊరి పేరు గానీ రాయను. ఆ ఊరి వాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకు నావల్ల జరిగింది చాలు.

శాంతి సభలో టీ

పెద్ద పండుగలకు ముందు తాలూకా ఆఫీసులో శాంతి సభ పెడతారు. రెండు మతాల పెద్దలను పిలిచి, టీ, ఖారా బూందీ పెట్టి, మేమంతా అన్నదమ్ముల్లా ఉంటామని వాళ్ళ చేత చెప్పించి, సంతకాలు తీసుకుంటారు. తీర్మానం రాసేది మా బోటివాళ్ళు. నా చేతిరాత బాగుంటుందని ఆ పని నాకే పడేది.

ఒక ఏడు మైకుల గొడవ వచ్చింది. వాళ్ళ మైకు మా వైపు తిప్పారని వీళ్ళు, వీళ్ళ మైకు మా వైపు తిప్పారని వాళ్ళు. రెండు గంటల పాటు రాజ్యాంగం నుంచి దేవుళ్ళ దాకా అంతా మాట్లాడారు. చివరికి తేలిందేమంటే, రెండు మైకులూ ఒకే సౌండు సర్వీసు వాడివి. అతను వెనక వరుసలో కూర్చుని, ఇటువాళ్ళ తరఫున ఒకసారి, అటువాళ్ళ తరఫున ఒకసారి టీ తాగుతున్నాడు. "నువ్వే ఆ బూరలు రెండూ ఆకాశం వైపు తిప్పేయప్పా" అన్నాడు మా తహసీల్దారు. సభ ముగిసింది. తీర్మానంలో మాత్రం మత సామరస్యం గురించి నేను రెండు పేజీలు రాశాను. చదివి అందరూ మెచ్చుకున్నారు. నాకు ఆ మెప్పు బాగా రుచించింది.

రాతి మీద రాజీ

ఆ తహసీల్దారు ధారవాడ వైపు మనిషి. మాతో తెలుగే మాట్లాడేవాడు గానీ అందులో ముప్పాతిక కన్నడం. ప్రమోషన్ల మీద ఆశ వదిలేసుకున్నాడు కాబట్టి చాలా చదివాడు. ఒకరోజు నాకు హంపీ రాజుల కాలం నాటి సంగతి చెప్పాడు.

హంపీని ఏలిన తొలి రాజుల్లో ఒకాయన దగ్గరికి జైనులు ఫిర్యాదు పట్టుకుని వెళ్ళారట. వాళ్ళలో మన ఆనెగొంది వాళ్ళు కూడా ఉన్నారు. వైష్ణవులు మమ్మల్ని బతకనివ్వడం లేదని వాళ్ళ మొర. మేళతాళాలు, కలశం ఎవరికి చెల్లుతాయన్నది గొడవలో పెద్ద భాగం. రాజు రెండు పక్షాలనూ పిలిపించి, జైనుల చేతిని వైష్ణవుల చేతిలో పెట్టి, రెండు దర్శనాలకూ భేదం లేదు, ఆ మర్యాదలు జైనులకూ చెల్లుతాయి అని తీర్పు చెప్పి రాతి మీద చెక్కించాడు.

"అంటే ఆ కాలంలోనే శాంతి సభ జరిపాడు సార్" అన్నాను నేను ఉత్సాహంగా.

"హౌదు. ఆదరె ఒందు మాట గమనించప్పా" అన్నాడాయన. "రాజు రాయి యాకె వేయించినాడు? జగళ ఆయితు, అదక్కె. జగళ లేని ఊరికి పోయి రాయి పాతలేదు."

జగడం వచ్చింది కాబట్టే రాయి వేయించాడని ఆయన మాట. నేను తలూపాను. తలూపడానికీ వినడానికీ చాలా దూరం ఉందని అప్పటికి తెలియదు.

ఆయన చెప్పాడని నేనూ చదవడం మొదలుపెట్టాను. బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల కాగితాలు మా రికార్డు గదిలో చెదలు తినగా మిగిలినవి కొన్ని ఉండేవి. కంపెనీ వాళ్ళ పాలన పోయి రాణి పాలన వచ్చినప్పుడు, మీ మతాల జోలికి మేం రామని ఆమె ప్రకటించింది కదా, ఆ మాట కింద దొరల దాకా దిగేసరికి ఒక్క వాక్యంగా మారింది. ఊరేగింపు గురించి ఏ అర్జీ వచ్చినా దొర దాని కింద రాసేవాడు: మామూలు ప్రకారం జరగనివ్వండి. అంతే. ఎవరికేది మామూలో దొరకు తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు. ఎంత సోమరి మనిషి అనుకున్నాను.

ఆ తర్వాత మన రాజ్యాంగం. ఇరవై అయిదో అధికరణం ప్రతి మనిషికీ తన అంతరాత్మ చెప్పిన మతాన్ని నమ్మి ఆచరించే స్వేచ్ఛ ఇస్తుంది. గొప్ప మాట. కానీ ఆ వాక్యం శాంతిభద్రతలకు లోబడి అని మొదలవుతుంది. చదువుకున్నవాళ్ళు వాక్యం చివర ఉన్న స్వేచ్ఛను చదువుతారు. తాలూకా ఆఫీసులో మేం మొదటి మాట చదివి అక్కడే ఆగిపోతాం, ఎందుకంటే మా జీపు వెళ్ళేది దానికోసమే.

ఇటు అయిదుగురు, అటు అయిదుగురు

ఆ తహసీల్దారు రిటైరయ్యాక ఒక ఎండాకాలంలో, వేరే తాలూకాలో ఏదో పట్టణంలో ఊరేగింపు మీద రాళ్ళు పడ్డాయి. వెంటనే పైనుంచి ఉత్తర్వు దిగింది. పీర్ల పండుగ లోపల, హిందువులూ ముస్లిములూ కలిసి ఉన్న ప్రతి ఊళ్ళోనూ రాతపూర్వకంగా ఒప్పందం చేయించాలి, రెండు వైపుల నుంచీ అయిదుగురు చొప్పున సంతకం పెట్టాలి. హచ్చొళ్ళి దాటాక వచ్చే ఒక చిన్న ఊరు నా వంతుకు వచ్చింది.

వరి కోతలయిపోయి కాలువకు నీళ్ళు ఆపేసిన రోజులు. పీర్ల సావిడి ముందు జనాన్ని కూర్చోబెట్టాను. ఆ ఊళ్ళో తురకల ఇండ్లు మూడే. పెద్దాయన ఖాసీం సాబ్, పీర్లను చూసుకునే ముజావరు. అయిదుగురు ముస్లిములు కావాలి, మగవాళ్ళు నలుగురే ఉన్నారు. నేను ఓటరు పట్టీ చూసి, "హుసేనప్ప ఎవరు? ఇలా రండి, మీరు ఇటు కూర్చోండి" అన్నాను.

నడివయసు మనిషి, మోకాళ్ళ దాకా మట్టి, నుదుట విభూతి. వచ్చి ఖాసీం సాబ్ పక్కన కూర్చున్నాడు. విభూతి చూసి నాకు వెలిగింది. మా వైపు పీరుకు మొక్కుకుని పుట్టిన హిందూ బిడ్డలకు హుసేనప్ప, మౌలప్ప, ఫకీరప్ప అని పేర్లు పెట్టడం నాకు తెలియనిది కాదు. మా మేనమామ పేరే పీరప్ప. అయినా చేతిలో ఉత్తర్వు ఉంటే మనిషికి సొంత మేనమామ కూడా గుర్తుకు రాడు.

"నువ్వు హిందువే కదప్పా? ఆ పక్కకు వెళ్ళు" అన్నాను.

"ఆ పక్క ఎండ ఉండాది సామీ" అన్నాడు హుసేనప్ప. "ఈడ నీడగా ఉండాది."

"ఎండ సంగతి కాదు. నువ్వు ఆ వర్గం."

అతను ఖాసీం సాబ్ వైపు చూశాడు. ఖాసీం సాబ్ తమాషాగా నవ్వి, "పోప్పా హుసేనప్పా, సాబ్ చెప్తాండాడు గదా, కాసేపు అవతల కూచో. ఏం పోయింది" అన్నాడు. హుసేనప్ప లేచి ఎండలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ ఊళ్ళో మతం ప్రకారం జనం విడిగా కూర్చోవడం అదే మొదలని నాకు తర్వాత తెలిసింది. కూర్చోబెట్టింది నేను.

ఒప్పందం కన్నడంలో ఇంటి నుంచే రాసుకెళ్ళాను. ఏడు షరతులు. అందులో నాలుగోదాన్ని రాయడానికి ఒక ఆదివారమంతా పట్టింది: "ప్రతి మతం వారి ఆచారాలను ఆ మతం వారే స్వేచ్ఛగా నిర్వహించుకోవలెను, ఇతర మతం వారు అందులో ఏ రీతిగానూ పాల్గొని జోక్యము చేసుకొనరాదు." తెలుగులో చదివి వినిపించాను.

"అంటే ఏంది సార్?" అన్నాడు హుసేనప్ప.

"ఎవరి పండుగ వాళ్ళు నిశ్చింతగా చేసుకోవచ్చు."

"ఇప్పుడు చేసుకుంటానే ఉండాము గదా?"

"ఇకమీదట చట్టప్రకారం చేసుకుంటారు."

అతనికి అందులో తేడా ఏమిటో అర్థం కాలేదు. అయినా సర్కారు కాగితం కదా అని వేలిముద్ర వేశాడు. అందరూ వేశారు. ముస్లిముల వైపు తక్కువైన అయిదో వేలిముద్ర వాళ్ళింటి ఆడమనిషి ఒకామె వేసింది. జగడం ఉందా అని మాత్రం నేను ఎవర్నీ అడగలేదు. కొత్తగా చేరినవాళ్ళు ఇది రాసుకోండి: రాజీ కుదర్చడానికి ఏ ఊరికైనా వెళ్తే, ముందు అక్కడ తగాదా ఉందో లేదో కనుక్కోండి.

నా ఒప్పందం పై అధికారికి తెగ నచ్చింది. ఇంత స్పష్టంగా రాసినవాళ్ళు జిల్లాలోనే లేరన్నాడు. దాన్ని మాదిరిగా పెట్టుకొమ్మని మిగతా తాలూకాలకు నకళ్ళు పంపించాడు. బళ్ళారిలో సభ పెట్టి నాకు శాలువా కప్పాడు. మా ఆవిడ ఆ ఫోటోను హాల్లో పెట్టింది.

నాలుగో షరతు

ఆ ఏడు పండుగ గడిచిపోయింది. బందోబస్తుకు వచ్చిన పోలీసాయన కాగితం చదవలేదు, చెట్టు కింద నిద్రపోయాడు. మరుసటి ఏడు వచ్చిన ఎస్సై కొత్తవాడు, నిజాయితీపరుడు. కాగితం చదివి వచ్చాడు.

పదో రోజు మధ్యాహ్నం సావిడిలోంచి పీర్లను బయటికి తీస్తున్నారు. అన్నిటికన్నా పెద్ద పీరును ఎత్తేది హుసేనప్ప. పన్నెండో ఏట నుంచీ అతనే. వాళ్ళమ్మకు ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోతే, నాలుగో కాన్పు నిలిస్తే నీకే ఇస్తానని ఆ పీరుకు మొక్కుకుంది. నిలిచినవాడు హుసేనప్ప. అందుకని ఏడాదికోసారి ఆ పీరు అతని చేతుల్లో ఊరంతా తిరిగి కాలువ దాకా వెళ్ళేది. ఖాసీం సాబ్ ఫాతెహా చదివి అతని చేతికి ఇచ్చేవాడు.

అతను ఎత్తబోయేసరికి ఎస్సై అడ్డం వచ్చి, "నీ మతం ఏది?" అన్నాడట.

హుసేనప్పను బతుకులో ఎవరూ ఆ మాట అడగలేదు. ఎస్సై కాగితం తీసి నాలుగో షరతు చదివాడు. కింద ఉన్న వేలిముద్ర చూపించి, "ఇది నీదే కదా?" అన్నాడు. నాదే అన్నాడు హుసేనప్ప. ఇక మాట్లాడటానికేముంది. ఆ ఏడు పీరును ఖాసీం సాబ్ మేనల్లుడు ఎత్తాడు. రెండు నెలల తర్వాత ఊరమ్మ జాతరలో, ఎప్పుడూ మొదటి పొట్టేలును కోసే ఖాసీం సాబ్‌ను కూడా ఇంటిదగ్గరే ఉండమన్నారు. షరతు ఇద్దరికీ సమానమే. సమానత్వంలో నేనేమీ తక్కువ చేయలేదు.

ఇవేవీ నాకు తెలియవు. ఒక పొద్దున హుసేనప్ప రెండు బస్సులు మారి ఆఫీసుకు వచ్చి, వరండాలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. మధ్యాహ్నం భోజనానికి లేచి బయటికి వస్తే కనపడ్డాడు.

"సామీ, నేనేం తప్పు చేసినా?" అన్నాడు.

జరిగిందంతా చెప్పాడు. కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తిట్టి ఉంటే సర్కారీ ఉద్యోగికి తిట్లు అలవాటే.

"మా యమ్మ మొక్కు అది. నేను చచ్చేదాకా తీరాలా. నేను ఎత్తకుంటే ఆ మొక్కు యాడికి పోతాది సామీ? మీ కాగితంలో దానికేమన్నా రాసినారా?"

రాయలేదు. నాకు సిగ్గేసింది. అన్నం తినలేకపోయాను.

అభ్యంతరం లేదని

కాగితం వల్ల వచ్చిన తప్పును ఇంకో కాగితంతో దిద్దుతారు. మాకు తెలిసిన విద్య అదొక్కటే. హుసేనప్ప పేరుతో అర్జీ నేనే రాశాను. పోలీసుల అభిప్రాయం అడిగారు. ఒక మతం వాడు ఇంకో మతం ఆచారంలో బరువు మోస్తే అది పాల్గొనడమా, జోక్యమా అని న్యాయ సలహాదారుకు రాశారు. ఆయన రెండూ కావచ్చు అని జవాబిచ్చాడు. నా ఒప్పందాన్నే రద్దు చేయండి సార్ అని పై అధికారిని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "జిల్లా అంతా దాన్ని పాటిస్తోంది, నువ్వే వద్దంటావా?" అన్నాడు. చివరికి ముజావరు నుంచి అభ్యంతరం లేదని పత్రం తెస్తే మినహాయింపు ఇస్తామన్నారు.

ఖాసీం సాబ్ ఇంటికి వెళ్ళాను. వక్కాకు నములుతూ విన్నాడు.

"హుసేనప్ప ఎత్తితే నాకు అభ్యంతరం లేదని రాయాలా?"

"అవును ఖాసీం సాబ్."

"అరె సాబ్, ఆయప్ప ఎత్తకుంటేనే నాకు అభ్యంతరం. అది రాసుకోండి."

అలా రాయడానికి నమూనాలో చోటు లేదు. నేను మామూలుగా అభ్యంతరం లేదనే రాశాను. ఆయన సంతకం పెట్టి, పెన్ను నా జేబులో తిరిగి తానే పెట్టాడు. టీ తాగమని మాత్రం అనలేదు. అంతకు ముందు ఎప్పుడూ అలా జరగలేదు.

అనుమతి

మరుసటి ఏడు పండుగకు మూడు రోజుల ముందు మినహాయింపు వచ్చింది. "హుసేనప్పకు మరియు వారి వంశస్థులకు" అని రాయించాను. ఆ చివరి రెండు మాటలు నా సొంత ఉదారత్వం. కింద ఆరు నిబంధనలు, గుండ్రటి ముద్ర. పదో రోజు నేనే జీపులో వెళ్ళాను. నా పుణ్యమా అని ఒక మనిషికి మతస్వేచ్ఛ వచ్చిందని లోపల కొంచెం గర్వంగానే ఉంది.

సావిడి ముందు హుసేనప్ప తలస్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని నిలబడి ఉన్నాడు. కాగితం చేతికిచ్చి చదివి వినిపించాను. అంతా శ్రద్ధగా విన్నాడు.

"ఇది ఉంటే ఎత్తొచ్చు, అంతే గదా సామీ?"

"ధైర్యంగా ఎత్తొచ్చు. ఎవరూ అడ్డం రారు."

"ఇది లేకుంటే?"

నేను కాగితం కింది గుండ్రటి ముద్రను వేలితో చూపించాను.

"మా యమ్మ పీరుకిచ్చింది నన్ను. సర్కారుకు ఇయ్యలేదు" అన్నాడు. "మీరిచ్చి ఎత్తుకుంటే, రేపు ఇంకో సార్ వచ్చి వద్దంటే దించాల. ఇయ్యనూ తీసుకోనూ ఇదేమన్నా రేషన్ కార్డా సామీ? మీరు మంచోరు. మీ మీద నాకేం లేదు. నాకొద్దులే."

కాగితాన్ని మడిచి, రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు. ఖాసీం సాబ్ ఎంత చెప్పినా వినలేదు. మేనల్లుడే పీరును ఎత్తాడు. ఆ కుర్రవాడికి ఆ బరువు ఇంకా అలవాటు కాలేదు, పీరు అటూ ఇటూ ఊగుతోంది. హుసేనప్ప పక్కనే నడిచాడు. రెండు చేతులూ చాపి, పీరు అడుగుకు ఒక జానెడు కింద పట్టాడు, జారితే అందుకోవడానికి. కాలువ దాకా అలాగే నడిచాడు. ఒక్కసారి కూడా తాకలేదు. నేను వెనక నడుస్తూ ఏడ్చాను. సర్కారు జీపు డ్రైవరు చూసి, దుమ్ము ఎక్కువగా ఉంది సార్ అన్నాడు పాపం.

ఆ తర్వాత ప్రతి ఏడూ అలాగే నడిచాడని విన్నాను. కాగితాన్ని నేను ఆ రోజే ఖాసీం సాబ్‌కు ఇచ్చి వచ్చాను, ఆయన దాన్ని సావిడి పెట్టెలో పెట్టాడట. నాకు బదిలీ అయింది, ఇంకో రెండు తాలూకాలు తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా పండుగల అర్జీ వస్తే మామూలు ప్రకారం జరగనివ్వండి అని ఒక్క వాక్యం రాసి పంపేవాణ్ణి. ముసలితనంలో బద్ధకం పెరిగిందని కింది వాళ్ళు చెప్పుకునేవారు. ఆ వాక్యం రాసిన దొరను సోమరి అన్నందుకు నాకు తగిన శాస్తే.

హుసేనప్ప పోయాడని తెలిసినప్పుడు వెళ్ళాలనుకున్నాను. ఏ ముఖంతో వెళ్ళాలో తెలియక ఉండిపోయాను.

వంశస్థులు

పోయిన నెల మా ఇంటి ముందు ఒక మోటారు సైకిల్ ఆగింది. ఇరవై అయిదేళ్ళ వాడు. వరి కోత మిషను నడుపుతాడట. హుసేనప్ప మనవడినని చెప్పాడు. లోపలికి వస్తూనే వంగి నా కాళ్ళకు మొక్కాడు.

"మా తాతకు మీరే హక్కు ఇప్పించినారంట గదా సార్. మా ఊర్లో అందరూ చెప్తారు. మూడేండ్ల నుంచి నేనే ఎత్తుతాండా పెద్ద పీరును."

సంచిలోంచి ఆ కాగితం తీశాడు. ప్లాస్టిక్ అతికించి ఉంది. వంశస్థులకు అన్న చోట గీత గీసి ఉంది. ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్‌లో చేయాలంటున్నారట, పాత ఉత్తర్వును కొత్తగా నమోదు చేయించాలట, అర్జీ రాసివ్వమని వచ్చాడు.

"మా తాత కూడా దీని మీదే ఎత్తినాడు గదా సార్?" అన్నాడు.

అబద్ధం చెబితే సరిపోయేది. ఆ పిల్లవాడి ముఖం చూస్తే చెప్పాలనే అనిపించింది.

"లేదప్పా. ఇది వచ్చినాక మీ తాత ఎత్తలేదు. దీనికి ముందు ఎత్తాడు. పన్నెండో ఏట నుంచి ఎత్తాడు."

అతను కాగితాన్ని తిప్పి వెనక వైపు చూశాడు.

"దీనికి ముందు పర్మిషన్ ఎవరిచ్చినారు సార్?"

"ఎవరూ ఇవ్వలేదు."

నేనేదో దాస్తున్నానన్నట్టు నవ్వాడు. "ఎవురో ఒగరు ఇచ్చింటార్లే సార్. ఇయ్యకుండా ఎట్ల ఎత్తుతారు?" అని, ఫారం తీసి నా ముందు పెట్టాడు.